కొలత సరే, కొలిచిన తీరు చెప్పండి

పోయిన ఏడాది మా విభాగం సెమినారు హాల్లో నేను ఒక అంకె చెప్పాను. 0.3 కిలోపాస్కల్. అతిధ్వని తరంగాలను కాంతితో పసిగట్టే సెన్సరు ఒకటి మా లాబ్‌లో తయారుచేశాం. అది ఎంత చిన్న పీడనాన్ని గుర్తుపట్టగలదో చెప్పే అంకె అది. ముందు వరసలో మాస్టార్లు తలలూపారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి, "అక్కా, అది ఒక్క పల్సుకేనా, ఎన్నో పల్సుల సగటా?" అని అడిగింది.

వంద పల్సుల సగటు. ఆ ముక్క నా స్లైడు మీద లేదు.

వంద సార్లు తీసి సగటు కడితే రొద పదో వంతుకి తగ్గుతుంది. ఒక పల్సు రొదకీ మరో పల్సు రొదకీ సంబంధం లేనప్పుడు తగ్గుదల వర్గమూలం లెక్కన వుంటుంది కదా. అంటే ఒక్క పల్సుతో చూస్తే మా సెన్సరు గుర్తుపట్టగలిగేది 0.3 కాదు, 3 కిలోపాస్కల్. పది రెట్లు తేడా. నేను చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అబద్ధమైతే ఒప్పుకుని వూరుకోవచ్చు. ఇది ప్రతి అక్షరం నిజమైన మాట, కానీ విన్నవాళ్ళందరూ తప్పుగానే అర్థం చేసుకునే మాట.

విద్యార్థి సంఘం వారు సంచికకి ఏదన్నా రాయమని అడిగినప్పుడు నాకు ఈ సంగతే తోచింది. సెన్సరు తయారుచెయ్యడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది వున్నారు. దాన్ని పరీక్షించడం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మనం పరికరాన్ని దాని మంచి రోజున, మంచి చోట, మంచి కోణంలో కొలిచి ఆ అంకెను ప్రకటిస్తున్నాం. రేపు అది వాడబడేది రోగి మీద. రోగి శరీరం మన మంచి రోజు కోసం కాచుకుని కూర్చోదు.

భౌతికశాస్త్రం చదవని మిత్రుల కోసం ముందు ఆ సెన్సరు ఏమిటో చెప్పాలి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో వలయాలు లెక్కపెట్టిన ఫాబ్రీ–పెరో వ్యతికరణమాపకం గుర్తుందా? 1899 నాటి ఆ ఉపాయమే ఇది, బాగా చిన్నదైపోయిందంతే. గాజుపలక మీద ఒక అద్దపు పూత, దాని మీద పారిలీన్ అనే పలచని ప్లాస్టిక్ పొర, ఆ పైన మరో అద్దపు పూత. కింద నుంచి లేజరు కాంతి వేస్తే రెండు పూతల నుంచీ వెనక్కి వచ్చిన కాంతి ఒకదానితో ఒకటి కలుస్తుంది. పైనుంచి అతిధ్వని వచ్చి పొరను నొక్కితే పొర మందం తగ్గుతుంది. ఎంత? ఒక కిలోపాస్కల్ పీడనానికి ఇంచుమించు నానోమీటరులో నూరో వంతు. అయినా సరే, వెనక్కి వచ్చే కాంతి తీవ్రత మారుతుంది. ఆ మార్పే మనకు సంకేతం. వాడే లేజరు 1550 నానోమీటర్ల దగ్గరిది. టెలిఫోను తీగల్లో వాడేదే కనక మనబోటి విభాగాలకు కూడా అందుబాటులో వుంది.

మామూలు స్కానింగు సెంటర్లో పొట్ట మీద పెట్టే ప్రోబులో వుండేది పీజో విద్యుత్ పలక. పియరీ క్యూరీ, ఆయన అన్నగారు జాక్ క్యూరీ కలిసి 1880లో కనిపెట్టిన ధర్మం అది. అదేం తీసిపారేసేది కాదు. కానీ దాన్ని చిన్నది చేసిన కొద్దీ సంకేతం కూడా చిన్నదైపోతుంది. పైగా దానిలోంచి కాంతి దూరదు. మా పొర అలా కాదు. లేజరు చుక్క ఎంత వుంటే సెన్సరు అంత. చుక్కను చిన్నది చేసినంతమాత్రాన సంకేతం పడిపోదు. అద్దపు పూతలను మరో రంగు కాంతికి పారదర్శకంగా చెయ్యొచ్చు కనక, సెన్సరులోంచే చర్మం మీదకి లేజరు పల్సు పంపవచ్చు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుని రవ్వంత వేడెక్కి, వ్యాకోచించి, తనే అతిధ్వనిని పుట్టిస్తుంది. కాంతి పడితే వస్తువు శబ్దం చేస్తుందని గ్రాహంబెల్ గమనించిందీ 1880లోనే. అలా కత్తి పెట్టకుండా, రంగుమందు ఎక్కించకుండా రక్తనాళాల బొమ్మ తీస్తారు.

నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మా అమ్మమ్మ. షుగరు జబ్బుతో ఆమె కాలి బొటనవేలు తీసేశారు. అంతకు ముందు ఒక డాక్టరుగారు పాదం మీద వేలు పెట్టి నాడి చూసి "పరవాలేదు" అన్నారు. పెద్ద నాడి కొట్టుకుంటూనే వుంది కాబోలు. వేలి చివర సన్నని నాళాల సంగతి చూడటానికి ఆయన చేతిలో ఏముంది? ఆయన్ని తప్పుపట్టను. కానీ చూడగలిగే సాధనం ఒకటి వస్తోందని చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు.

ఇదంతా ఎక్కడో విదేశాల వాళ్ళ విద్య అనుకోకండి. అతిధ్వనిని కాంతితో చూడటంలో మనవాళ్ళకు పాత చుట్టరికమే వుంది. ద్రవంలో అతిధ్వని పుడితే అది కాంతికి గీతల జాలకంలా పనిచేస్తుందని 1932లో అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్సులో లూకాస్, బికార్ చూపించారు. దానికి సిద్ధాంతం రాసింది బెంగుళూరులో రామన్, నాగేంద్రనాథ్, 1935–36లో. తరవాత 1940 దశకంలో వాల్తేరులో సూరి భగవంతం గారు, బి. రామచంద్రరావు గారు ఆ వివర్తనం మీదనే ప్రయోగాలు చేసి ప్రచురించారు. భగవంతం గారు స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలను అతిధ్వనితో కొలిచిన మనిషి. కొలతే వృత్తిగా బతికినవాళ్ళు వాళ్ళు. మనం వాళ్ళ ఫోటోలకి దండలు వేస్తున్నాం, మంచిదే.

ఇక పరీక్ష సంగతికి వస్తాను.

ప్లాస్టిక్ పొర సెన్సరును ఈ స్థాయికి తెచ్చినవారిలో ముఖ్యులు లండన్ యూనివర్సిటీ కాలేజీలోని పాల్ బియర్డ్ బృందం. 2008లో వాళ్ళు ప్రచురించిన స్కానరు వివరం చూడండి. 38 మైక్రోమీటర్ల పొరకి స్పందన 22 మెగాహెర్ట్జ్ దాకా. 22 మైక్రోమీటర్ల పొరకి 39 మెగాహెర్ట్జ్ దాకా. 38 మైక్రోమీటర్ల పొర గుర్తించగల కనీస పీడనం 0.21 కిలోపాస్కల్, 20 మెగాహెర్ట్జ్ పరిధిలో. ఆ చివరి ముక్కే నాకు నచ్చింది. పరిధి చెప్పకుండా పీడనం చెప్పలేదు. అదే సెన్సరుకి 5 మెగాహెర్ట్జ్ దగ్గర ఫిల్టరు బిగిస్తే రొద సగమైపోతుంది, అంకె రెండింతలు అందంగా కనిపిస్తుంది. సెన్సరు మాత్రం మారదు. ఇంకో చిక్కు కూడా వుంది. కొందరు రొదకి వర్గ మధ్యమ మూలం తీసుకుంటారు, కొందరు దానికి మూడింతలు కట్టి శిఖర విలువ అంటారు. ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెట్టి "వీళ్ళది మూడు రెట్లు మెరుగు" అని సమీక్ష రాసే మహానుభావులూ వున్నారు. పల్సులు ఎన్ని, పరిధి ఎంత, రొదను ఏ లెక్కన తీసుకున్నారు, సెన్సరు మీద ఏ చుక్కలో కొలిచారు, ఈ నాలుగూ లేని అంకెకి విలువ ఇవ్వకూడదని నా వాదన. నా అంకెతో సహా.

ఆ "ఏ చుక్కలో" అన్నదే అసలు గుట్టు. పొర మందం పలక అంతటా ఒకే తీరున వుండదు. ప్రతి చుక్క దగ్గరా లేజరు తరంగదైర్ఘ్యాన్ని సరిచేసుకుని, వ్యతికరణ వక్రం బాగా వాలుగా వున్న చోట నిలపాలి. కొన్ని చోట్ల ధూళి రేణువు వుంటుంది, కొన్ని చోట్ల పూత లేచిపోయి వుంటుంది. నేను మొదటి నెలంతా చేసిందేమిటంటే, పలక మీద అటూ ఇటూ జరిపి, సంకేతం బాగా వచ్చిన చుక్క వెతుక్కుని, అక్కడ పెన్నుతో పక్కన గుర్తు పెట్టుకోవడం. కొలతలన్నీ అక్కడే. పెళ్ళిచూపులకి ఇంట్లో మంచి కుర్చీ ఒక్కటే హాల్లో వేసినట్టు. తరవాత ఆ అమ్మాయి ప్రశ్న పుణ్యమా అని పలక మొత్తం గళ్ళు గీసి ప్రతి గడినీ కొలిచాను. గడుల్లో చాలా భాగం నేను చెప్పిన అంకెకి దరిదాపుల్లో లేవు. కొన్ని అసలు పలకనే లేదు. బొమ్మ తీసేటప్పుడు మాత్రం అన్ని గడులూ కావాలి. ఒక గడి మూగదైతే అక్కడ రక్తనాళం తెగిపోయినట్టు కనిపిస్తుంది. తెగింది నాళమా, మన పూతా? డాక్టరుకి ఎలా తెలుస్తుంది?

ఇంకో సంగతి, కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మొట్టమొదట ఆసిలోస్కోపు తెర మీద సంకేతం చూసిన రోజు మేం లాబ్‌లో మైసూర్‌పాక్ పంచుకున్నాం. నీళ్ళతొట్టిలో ఒక పక్క అతిధ్వని పుట్టించే ట్రాన్స్‌డ్యూసరు, మూడు సెంటీమీటర్ల దూరంలో మా సెన్సరు. పల్సు కొట్టగానే తెర మీద చక్కని ముల్లు లేచింది. మా అటెండరుగారు, ముప్ఫై ఏళ్ళుగా ఆ లాబ్‌లో వున్న మనిషి, మిఠాయి తింటూ తెరవంక చూసి, "పల్సు కొట్టగానే వచ్చిందేంటమ్మా? నీళ్ళలో శబ్దానికి నడిచే టైము అక్కర్లేదా?" అన్నారు. నీళ్ళలో ధ్వని సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. మూడు సెంటీమీటర్లకి 20 మైక్రోసెకన్లు పట్టాలి. మా ముల్లు సున్నా దగ్గర వుంది. అది శబ్దం కాదు, పల్సరు తీగలోంచి గాల్లో దూకి మా తీగల్లో దూరిన విద్యుత్తు. ట్రాన్స్‌డ్యూసరును వెనక్కి జరిపి చూశాం. ముల్లు కదలలేదు. శబ్దమైతే వెనక్కి జరగాలి కదా. తీగలకి రేకు చుట్టి, ఎర్తు సరిచేసి, అసలు సంకేతం 20 మైక్రోసెకన్ల దగ్గర చూసేసరికి ఇంకో ఆరు వారాలు పట్టింది. అది ముల్లులా లేదు, చిన్న గుబ్బలా వుంది. మిఠాయి మళ్ళీ కొనలేదు.

ఈ జరిపి చూడటం అనేది పైసా ఖర్చు లేని పరీక్ష. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ దూరం మారుస్తూ తీసిన రెండు బొమ్మలు వుండాలని నేనంటాను. లేజరుకి అడ్డంగా అట్టముక్క పెట్టి తీసిన మూడో బొమ్మ కూడా. అట్ట పెట్టినా సంకేతం వస్తుంటే అది మన సెన్సరుది కాదు.

సరే, సంకేతం నిజమేనని తేలింది. ఎన్ని పాస్కళ్ళో చెప్పేదెవరు? దానికి క్రమాంకనం చేసిన హైడ్రోఫోను కావాలి. అదే చోట హైడ్రోఫోను పెట్టి పీడనం కొలిచి, దాన్ని తీసేసి మన సెన్సరు పెట్టి చూడాలి. ఇక్కడ ఒక తమాషా వుంది. ఆ హైడ్రోఫోనుకి సర్టిఫికెట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఇంగ్లండులో టెడ్డింగ్టన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాల వంటి చోట్ల నీళ్ళలో పలచని పొర ఒకటి సాగదీసి పెట్టి, అతిధ్వనికి అది ఎంత కదిలిందో లేజరు వ్యతికరణంతో కొలుస్తారు. ప్రాథమిక ప్రమాణం అదే. అంటే పీజో హైడ్రోఫోను వంశవృక్షం పైకి వెతికితే అక్కడ కాంతే కనిపిస్తుంది. కాంతి సెన్సరును నమ్మొచ్చా అని అడిగేవాళ్ళకి ఇది చెప్పడం నాకు సరదా.

కానీ మా హైడ్రోఫోను సర్టిఫికెట్టు 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అంతకు పైన అది ఏం చెప్పినా చెల్లదు. మా పొర పలచన కనక 30 దాటి కూడా స్పందిస్తుందని లెక్కలు చెబుతున్నాయి, తెర మీదా అలానే అనిపిస్తోంది. అనిపించడం కొలత కాదు. అంచేత మా రిపోర్టులో 20 దగ్గర గీత కొట్టి ఆపేశాను. గైడుగారు మొదట మొహం ముడుచుకున్నారు, తరవాత "పోనీలే, అలాగే వుంచు" అన్నారు.

కోణం సంగతి మరీ ముఖ్యం, చాలామంది వదిలేసేది కూడా అదే. పరీక్షలో మనం తరంగాన్ని సెన్సరు మీదకి నిట్టనిలువుగా పంపుతాం. శరీరంలోంచి వచ్చే శబ్దం నలుమూలల నుంచీ వస్తుంది. నీళ్ళలో ధ్వనివేగం 1500, గాజులో 5600 దాకా. స్నెల్ సూత్రం వేస్తే 15 డిగ్రీల దగ్గర సందిగ్ధకోణం వస్తుంది. ఆ చుట్టుపక్కల గాజు ఉపరితలం వెంట తరంగాలు పరుగుపెట్టి సంకేతాన్ని ఒక చోట పెంచి ఒక చోట మింగేస్తాయి. సెన్సరును తిప్పుతూ డిగ్రీ డిగ్రీకి కొలిస్తే ఆ గుంట స్పష్టంగా కనపడుతుంది. నాకు దాన్ని చూసినప్పుడు భయం వేసింది. అంతవరకు మేం తీసిన బొమ్మల్లో కొన్ని వంకర నాళాలు నిజంగా వంకరవేనా అని. ఉష్ణోగ్రత, సరళత పరీక్షలు కూడా చెయ్యాలి. ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం పొర వ్యాకోచించి లేజరు సర్దుబాటు తప్పిందని మాత్రం చెప్పి వదిలేస్తాను.

మళ్ళీ ఆ వంద పల్సుల దగ్గరికి వస్తాను. ప్రయోగశాలలో వంద పల్సులు ఓపికపట్టడం కష్టం కాదు. మనిషి వూపిరి పీలుస్తాడు, కాలు కదుపుతాడు, ముసలివాళ్ళకి చెయ్యి వణుకుతుంది. పాత స్కానర్లకి ఒక బొమ్మకి నిమిషాలు పట్టేది, అంతలో మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోయేది. అదే లండన్ బృందం 2024లో ప్రచురించిన కొత్త స్కానరు అనేక చుక్కలను ఒకేసారి చదివి కొద్ది సెకన్లలో, అంతకన్నా తక్కువలో కూడా బొమ్మ తీస్తుంది. దాన్ని షుగరు రోగుల మీద, కీళ్ళవాతం, రొమ్ము కాన్సరు వున్నవాళ్ళ మీద కొద్దిమందితో చూశారు. పాదాల నాళాలు కూడా తీశారు. నేను ఆ బొమ్మలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. కానీ అంత తొందరగా తీసేటప్పుడు సగటు కట్టుకునే వెసులుబాటు ఎక్కడుంటుంది? అక్కడ లెక్కకొచ్చేది ఒక్క పల్సు అంకే. నేను దాచిన అంకె, అనుకోకుండానే.

అనుకోకుండా ఎందుకు దాచానా అని ఆలోచిస్తే నా బి.యస్సీ. రోజులు గుర్తొచ్చాయి. లఘులోలకంతో g విలువ 980 వచ్చేదాకా రీడింగులు దిద్దినవాళ్ళం మనం. కాదంటారా? సీనియర్ల రికార్డు తెచ్చుకుని, చివర విలువ ముందు రాసుకుని, వెనకనుంచి కాలాలు కట్టినవాళ్ళం. 940 వచ్చిందని రాసిన అబ్బాయికి మార్కులు తగ్గాయి, ఎందుకు 940 వచ్చిందో వెతికే టైము ఎవరికీ లేదు. అదే చెయ్యి ఇప్పుడు లేజరు పట్టుకుంది. పరికరం మారిందిగానీ చెయ్యి అలవాటు మారలేదు.

దీనికి ఎదురు వాదన వుంది, నాకు తెలుసు. మా స్నేహితుడొకడు మొహమాటం లేకుండా అన్నాడు: "నువ్వు 3 అని రాస్తావు, పక్క యూనివర్సిటీ వాడు 0.3 అని రాస్తాడు. గ్రాంటు ఎవడికొస్తుంది?" నిజమే. నాకు ఫెలోషిప్పు ఇంకో ఏడాదే వుంది, ఈ మాట నేను తేలిగ్గా తీసుకోలేను. వాడికి నేనిచ్చిన జవాబు ఒకటే. రెండు అంకెలూ రాస్తాను, ఒకదాని పక్కన ఒకటి, ఏది ఎలా వచ్చిందో చెబుతూ. చదివేవాడు తెలివైనవాడైతే నాకే ఇస్తాడు. వాడు నవ్వి, "చదివేవాడు తెలివైనవాడైతే" అన్నాడు. ఆ నవ్వుకి నా దగ్గర సమాధానం లేదు. కానీ అంకెల పక్కన షరతులు రాయకపోతే సంతకం పెట్టనని గైడులు అంటే, పక్క యూనివర్సిటీవాడు కూడా రాయక తప్పదు. ఇది విద్యార్థులు ఒంటరిగా చెయ్యగల పని కాదు. అధ్యాపక మిత్రులు ఈ వ్యాసం ఇంతదాకా చదివి వుంటే, ఈ వాక్యం మీకోసమే.

ఇంకో కోరిక కూడా వుంది. మన దగ్గర పరికరం చేసినవాడికి బంగారు పతకం వుంది. వేరేవాడు చేసిన పరికరాన్ని నాలుగు నెలలు కూర్చుని పరీక్షించి, ఎక్కడ పనిచెయ్యదో పటం గీసినవాడికి ప్రాజెక్టుగా కూడా లెక్కకట్టరు. "కొత్తగా ఏం చేశావు?" అని వైవాలో అడుగుతారు. పరీక్షించడమే చేసిన పని అని ఒప్పుకుని మార్కులిస్తే ఏం పోతుంది? పైగా సెన్సరు చేసినవాళ్ళే దాన్ని పరీక్షించడం మంచిది కాదు. పెన్నుతో గుర్తు పెట్టుకున్న చుక్క దగ్గరికి నా చెయ్యి దానంతటదే పోతుంది, నేను ఆపుకోలేను.

అందుకే ఈ ఏడాది నుంచి శనివారాలు తొట్టిని ఆ అమ్మాయికి అప్పగించాను. తనూ, తన క్లాసువాళ్ళు ఇద్దరూ కొలుస్తారు. నేను లాబ్‌లో వుండను, కాంటీన్‌లో కూర్చుంటాను. ఏ గడి ముందు కొలవాలో చీటీలు వేసి తీస్తారు. మొన్న మొదటి కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. ఒక్క పల్సు, 20 మెగాహెర్ట్జ్, చీటీలో వచ్చిన గడి: 3.4 కిలోపాస్కల్. నా లెక్క ప్రకారం 3 రావాలి. "నేనేమన్నా తప్పు చేశానా అక్కా?" అని అడిగింది. ఏమో, తెలీదు. నీళ్ళలో గాలిబుడగలు వుండొచ్చు, పలక అలసిపోయి వుండొచ్చు, నా 3 కూడా తప్పు కావచ్చు. నీళ్ళు మరగబెట్టి చల్లార్చి పోసి వచ్చే శనివారం మళ్ళీ చూస్తామంది. 3.4 ని చెరపకుండా వుంచమన్నాను.